ముందు ఆ మాత్ర వేసుకో

అమ్మాయ్, ముందు ఇవాళ్టి మాత్ర వేసుకో. తర్వాత ఇది చదువు. నిన్న మానేశానన్నావు కదా, దానికీ దీనికీ కలిపి రెండు మింగకు, ఒకటే చాలు. తెల్లారగానే నీ సైకియాట్రిస్టుకి, నీ కాన్పు చూడబోయే డాక్టరుకి ఇద్దరికీ ఫోన్ చేసి, నాకు ఏడో వారం, సెర్ట్రలిన్ 100 మిల్లీగ్రాములు వాడుతున్నాను అని చెప్పు. వాళ్లు తగ్గించమంటే తగ్గిద్దువు గాని, మార్చమంటే మారుద్దువు గాని. ఫోన్‌లో ఏదో ప్రకటన కనబడిందని నీ అంతట నువ్వు ఆపేయడం మాత్రం వద్దమ్మా.

నువ్వు పంపిన ఆ ప్రకటన చూశాను. పసిబిడ్డ బొమ్మ, ఛాతీ మీద ఆపరేషన్ గీత. గర్భంతో ఉన్నప్పుడు డిప్రెషన్ మందులు వాడారా, మీ బిడ్డ గుండె లోపంతో పుట్టిందా, మీకు పరిహారం రావచ్చు, గడువు దాటిపోతోంది, ఇప్పుడే మీ నంబరు ఇవ్వండి అని. ఏ మందో చెప్పలేదు. ఏ ఏటి సంగతో చెప్పలేదు. కోర్టులు ఏమన్నాయో అసలే చెప్పలేదు. ఇలాంటి చాలావాటి వెనక వకీలే ఉండడు. నీలాంటి వాళ్ల పేర్లూ నంబర్లూ పోగుచేసి లా ఫర్మ్‌లకు అమ్ముకునే దుకాణం ఉంటుంది. నంబరు ఇచ్చేశానని బాధపడకు. ఫోన్లు వస్తాయి, ఎత్తకు.

ఏ మందూ ముట్టని తల్లులకు కూడా వందలో ముగ్గురు బిడ్డలు ఏదో ఒక లోపంతో పుడతారు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ల లెక్కలో అది 33 మందికి ఒకరు. ఏళ్ల తరబడి పురుళ్లు పోసిన దాన్ని, ఆ ముగ్గుర్నీ నా చేతుల్లోకి తీసుకున్నదాన్ని, ఆ సంఖ్య నాకు పుస్తకంలోది కాదు. కాబట్టి నువ్వు అడగాల్సింది, ఈ మాత్ర వేసుకుంటే ఆ ముగ్గురు ఎంతమంది అవుతారు అని.

భయం ఊరికే పుట్టలేదు, అదీ చెప్పాలి నీకు. ఈ కోవ మందుల్లో పాక్సిల్ అని ఒకటుంది, అసలు పేరు పెరాక్సెటిన్. 2005లో తయారీదారు జీఎస్‌కే జరిపించిన పరిశీలనలోనూ, స్వీడన్ రిజిస్ట్రీలోనూ, మొదటి మూడు నెలల్లో ఆ మందు వాడిన తల్లుల పిల్లల్లో గుండె లోపాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. మామూలుగా వందకి ఒకరుండేది ఒకటిన్నర, రెండు దాకా వచ్చింది. ఆ డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని గర్భిణుల విషయంలో 'సి' వర్గం నుంచి 'డి' వర్గానికి దింపింది. ఆ అక్షరాల పద్ధతినే 2015లో తీసేశారనుకో, అది వేరే సంగతి. 2009 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ, గుండె లోపాలతో పుట్టిన బిడ్డ కుటుంబానికి 25 లక్షల డాలర్లు ఇవ్వమంది. కంపెనీ సరిగా హెచ్చరించలేదన్నారు. ఆ తర్వాత వందల కేసులు రాజీలయ్యాయి. నీ ఫోన్‌లోకి వచ్చే ప్రకటనల మూలం అక్కడుంది.

నువ్వు వాడేది పాక్సిల్ కాదు తల్లీ. సెర్ట్రలిన్, అంటే జోలాఫ్ట్. దాని మీదా కేసులు వేశారు. 2015లో సెయింట్ లూయిస్‌లో విచారణకొచ్చిన మొదటి కేసులో జ్యూరీ తయారీదారు ఫైజర్ పక్షానే తీర్పు చెప్పింది. ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దేశమంతటి కేసులూ ఒకచోట చేర్చి, న్యాయమూర్తి సింథియా రూఫ్ విన్నారు. ఈ మందు వల్లే ఈ లోపం వచ్చిందని చెప్పడానికి తెచ్చిన నిపుణుల వాదన శాస్త్రం ముందు నిలబడదని ఆవిడ తోసిపుచ్చి, 2016లో 300కు పైగా కేసులు కొట్టేశారు. మరుసటి ఏడు పై కోర్టు కూడా అదే సబబంది. ఇదంతా జరిగి ఇన్నేళ్లయినా ప్రకటనలు ఆగలేదు. ప్రకటనకు ఖర్చు తక్కువ, భయానికి గిరాకీ ఎక్కువ.

కోర్టు మాట పక్కన పెట్టి లెక్క చూపిస్తాను. నువ్వు డేటా ఉద్యోగం చేసేదానివి, నాకంటే బాగా అర్థమవుతుంది. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ రికార్డుల పరిశీలన వచ్చింది, సుమారు 9 లక్షల 50 వేల గర్భాలు. డిప్రెషన్ మందులు వాడని వాళ్లలో పదివేల మంది పిల్లల్లో 72 మందికి గుండె లోపం. మొదటి మూడు నెలల్లో వాడిన వాళ్లలో 90. అమ్మో, పద్దెనిమిది తేడా అనిపిస్తుంది. ఇక్కడే ఆగి చూడాలి. మందులు వాడేవాళ్లలో పొగతాగేవాళ్లు, షుగరున్నవాళ్లు, ఒళ్లు ఎక్కువున్నవాళ్లు, ఇంకో నాలుగు మందులు మింగేవాళ్లు ఎక్కువగా ఉంటారు. అందుకని డిప్రెషన్ ఉండి మందు వాడినవాళ్లని, డిప్రెషన్ ఉండి వాడనివాళ్లతో పోల్చి, మిగతా తేడాలన్నీ సరిచేసి చూశారు. ఆ పద్దెనిమిది దాదాపు కరిగిపోయింది. ఆటిజం మాటా అంతే. అక్కకి మందు వాడి, తమ్ముడికి వాడని తల్లుల పిల్లల్నే పక్కపక్కన పెట్టి చూసిన పరిశీలనల్లో ముందనుకున్న సంబంధం నిలవలేదు.

ముప్పు అసలే లేదని నేననను. అలా అనే డాక్టరు దొరికితే ఇంకో డాక్టర్ని చూసుకో. పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల రక్తనాళాలు సడలక ఆక్సిజన్ అందని జబ్బొకటుంది. 2006లో ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరించింది, 2011లో ఆధారాలు ఒక తీరున లేవని తానే సర్దుకుంది. 2015లో వచ్చిన పెద్ద పరిశీలనలో, మందు వాడని వాళ్లలో పదివేలకి 21 మందికి, వాడిన వాళ్లలో 31 మందికి అది కనిపించింది. మిగతా కారణాలు తీసేస్తే ఆ తేడా ఇంకా సన్నబడింది. పదివేలలో పదికి లోపే. చిన్నదే, కానీ ఉంది. కాన్పు గదిలో ఉండే పిల్లల డాక్టరుకి ఈ సంగతి ముందే తెలియాలి, అంతే.

ఇంతకంటే తరచుగా చూసేది వేరే. తల్లి చివరిదాకా ఈ మాత్రలు వాడితే సుమారు పదిమందిలో ముగ్గురు పిల్లలు పుట్టిన కొన్ని రోజులు చిరాగ్గా ఉంటారు. గుడ్డ విప్పితే ఉలిక్కిపడి రెండు చేతులూ చాచేస్తారు, వేళ్లు వణుకుతాయి, ఏడుపు సన్నగా కీచుమంటుంది, రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. తుమ్ములు కూడా వస్తాయి. చూసేవాళ్లకి గుండెలు జారిపోతాయి, ఫిట్సేమోనని పరిగెత్తుకొస్తారు. వార్డులో మేం చేసేది పెద్దగా ఏం లేదు. లైటు తగ్గించి, గొడవ లేకుండా చూసి, బిడ్డని తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, గంట రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా పాలు పట్టిస్తాం. కొన్ని రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో సర్దుకుంటుంది. నీ కాన్పుకి ముందే నర్సుకి చెప్పి ఉంచు, ఇలా జరగొచ్చని. తెలిసినవాళ్లు కంగారుపడరు. పాల సంగతికొస్తే, సెర్ట్రలిన్ తల్లిపాలలోకి వెళ్లేది బహు తక్కువ. బాలింతలకు డాక్టర్లు ముందుగా ఎంచుకునే మందుల్లో అదొకటి.

ఇప్పుడు ఇంకో పక్క. మందు మానేస్తే ఏమవుతుందన్నది ప్రకటన నీకు చెప్పలేదు, ఎందుకంటే దాని మీద దావా వేయడానికి కుదరదు. 2006లో వచ్చిన ఒక పరిశీలనలో, గర్భం వచ్చాక మందు ఆపేసిన వాళ్లలో 68 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది, కొనసాగించిన వాళ్లలో 26 శాతానికి. అది పెద్ద ఆస్పత్రులకొచ్చే, జబ్బు గట్టిగా ఉన్నవాళ్ల లెక్క. అందరికీ అంతేనని అనడానికి లేదు. తేలిగ్గా వచ్చిపోయిన వాళ్లకి మాటల వైద్యం, నిద్ర, నలుగురి తోడు సరిపోవచ్చు, డాక్టరు చూసి నెమ్మదిగా మందు దించొచ్చు కూడా. కానీ నీది ఆ తేలిక కోవ కాదు బంగారం. రెండోసారి వచ్చినప్పుడు నువ్వు స్నానానికి కూడా లేవలేదు, తిండి మానేశావు, అల్లుడు ఆఫీసు మానేసి నీ పక్కన కూర్చున్నాడు. అలాంటిది కడుపుతో ఉండగా వస్తే బిడ్డకి తిండేది, నిద్రేది? నెలలు నిండకుండా కాన్పులు, తక్కువ బరువు పిల్లలు వైద్యం అందని డిప్రెషన్‌లో కూడా ఎక్కువే. అమెరికాలో గర్భంతోనో, ప్రసవమైన ఏడాదిలోపో చనిపోయిన తల్లుల మరణాలను ఒక్కొక్కటీ తిరగేసిన కమిటీలు తేల్చిందేమిటంటే, అన్నిటికంటే పెద్ద కారణం మానసిక జబ్బులని. 2017 నుంచి 2019 దాకా తీసిన లెక్కలో సుమారు 23 శాతం. రక్తస్రావం కంటే ఎక్కువ. నేను చదువుకునే రోజుల్లో ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఏసీఓజీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, గర్భిణి అన్న ఒక్క కారణంతో ఈ మందులు ఆపొద్దు, ఇవ్వకుండా ఉండొద్దు అని రాసింది. 2025 జూలైలో ఎఫ్‌డీఏ ఇదే విషయం మీద ఒక చర్చ పెట్టింది. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది ముప్పు వైపే మొగ్గారు. ఏసీఓజీ వెంటనే అది ఒక పక్కకే ఒరిగిందని తప్పుపట్టింది. నువ్వు చూసిన వీడియో ముక్కలు అక్కడివేనని నా అనుమానం. రెండు నిమిషాల ముక్క చూసి రెండేళ్ల వైద్యం ఆపుకోవడం చదువుకున్న పిల్ల చేసే పనేనా?

కోప్పడ్డానా? సరే, ఇంకో మాట మెత్తగానే చెబుతాను.

మన ఊళ్లో గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే, అందరూ తల్లినే పట్టుకునేవాళ్లు. గ్రహణం రోజున బయటికొచ్చావా, కత్తిపీట ముట్టావా, కూర తరిగావా అని. ఆ పిల్ల పచ్చి బాలింత, కుట్లు కూడా ఆరలేదు, గుర్తు చేసుకుంటూ కూర్చునేది, ఆ మధ్యాహ్నం నేనేం చేశాను అని. వార్డులో చాపమీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఏడ్చినవాళ్లని చూశాను. పెదవి ఏర్పడేది నాలుగు, ఏడు వారాల మధ్య, చాలామందికి కడుపొచ్చిందన్న సంగతే తెలియని రోజుల్లో. ఇప్పుడు గ్రహణం పోయి మాత్ర వచ్చింది, అడిగే తీరు మాత్రం అదే. నీకు చెప్పొచ్చేదేమంటే, దేవుడి దయవల్ల అంతా బాగుంటుంది, బాగుండకపోతే కూడా ఆ రాత్రి నువ్వు కూర్చుని మాత్రలు లెక్కపెట్టుకోకూడదు. గుండె లోపాల్లో ఎక్కువ వాటికి ఇదీ కారణమని ఎవరూ వేలెత్తి చూపించలేరు. 18 నుంచి 22 వారాల మధ్య చేసే స్కాన్‌లో గుండె నాలుగు గదులూ చూస్తారు; నువ్వు అడిగితే ఫీటల్ ఎకో కూడా రాయొచ్చు. అది అడుగు, మొహమాటపడకు. స్కాన్ చేసేవాళ్లు మాట్లాడకుండా ఉంటే భయపడకు, అంకెలు వేసుకునేటప్పుడు వాళ్లందరూ అంతే.

అల్లుడు లీగల్ సంగతులు కూడా అడగమన్నాడట. చెబుతాను, నాకు తెలిసినంతవరకు. మా ఆయన వకీలుగా నల్లకోటేసుకు తిరిగినన్నాళ్లూ ఇంట్లో నేను విన్నది కూడా కొంత ఉందిలే.

నీ సీసా తీసి చూడు. ఆ నారింజరంగు సీసా మీద నీ పేరు కింద, చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు, ఎన్‌డీసీ అని మూడు ముక్కల అంకెలు ఉంటాయి. ఫైజర్ అని ఉండదు. నీది జెనరిక్, సెర్ట్రలిన్ జెనరిక్‌ను అమెరికాకు పంపేవాళ్లలో మన హైదరాబాద్ అరబిందో కూడా ఉంది. దావా వేయాలంటే ఇక్కడొక చిక్కుంది. 2011లో ప్లైవా అనే జెనరిక్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, జెనరిక్ కంపెనీ లేబుల్ మీద బ్రాండ్ కంపెనీ రాసిందే రాయాలని ఫెడరల్ చట్టం కట్టేసింది గనక, హెచ్చరిక సరిపోలేదని రాష్ట్ర చట్టం కింద దాని మీద దావా చెల్లదు అని. పోనీ బ్రాండ్ కంపెనీ మీద వేద్దామంటే, మేమమ్మని మాత్రకి మేమెలా జవాబుదారీ అంటుంది. 2017లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ దారి తెరిచింది, అదీ గర్భిణికిచ్చిన వేరే మందు కేసులోనే, కానీ చాలా రాష్ట్రాలు ఒప్పుకోలేదు. పైగా మీ న్యూజెర్సీలో, ఎఫ్‌డీఏ ఆమోదించిన హెచ్చరిక ఉంటే అది సరైనదేనన్న అంచనాతోనే కోర్టు మొదలుపెడుతుంది, కాదని చూపించే బరువు మన నెత్తిన పడుతుంది. అందుకే ఈ దారి ఇరుకు.

డాక్టరు తప్పు చేస్తే, అది వేరే దారి. గర్భమని చెప్పినా పట్టించుకోకుండా ఇవ్వకూడని మందు రాస్తే, ముప్పు చెప్పకుండా దాస్తే, అదే రంగంలో ఉన్న ఇంకో డాక్టరు ఇది వైద్య ప్రమాణానికి తగినట్టు లేదని సంతకం పెట్టిన అఫిడవిట్ ఉండాలి మీ దగ్గర. గడువు మామూలుగా రెండేళ్లు. కాన్పులో బిడ్డకి జరిగిన హానికైతే బిడ్డకి 13 ఏళ్లు నిండేలోపు. గడువు దాటిపోతోందని అరిచే ప్రకటన ఈ తేడా నీకు చెప్పదు. వకీలు ఫీజు గెలిచిన డబ్బులో మూడో వంతు అటూఇటూగా ఉంటుంది. కేసు వేస్తే నీ మానసిక వైద్యం ఫైలంతా అవతలి వకీళ్ల చేతికి వెళ్లొచ్చు, నువ్వు డాక్టరుతో ఏడుస్తూ చెప్పుకున్నవి కూడా. అది తెలిసి వేయాలి.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఇంతే: ప్రతి రీఫిల్ సీసా లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసి దాచు, ఏ నెలలో ఎంత మోతాదో రాసుకో, డాక్టరు చెప్పింది ఆ రోజే రెండు ముక్కలు రాసిపెట్టుకో. ఇది కేసు కోసమనుకోకు. చివరి నెలల్లో ఒంట్లో మందు పలచబడి మోతాదు పెంచాల్సి వస్తే, ఆ కాగితం నీ డాక్టరుకే ముందు పనికొస్తుంది.

ఇక్కడున్న నీ చెల్లెలికి నేను చెప్పింది కాస్త వేరే, అది కూడా విను. మన దగ్గర డిప్రెషన్ అనగానే ఎస్సిటాలోప్రామ్, క్లొనజెపామ్ రెండూ కలిపిన మాత్ర రాసేస్తారు, నిద్ర బాగా పడుతుందని జనం ఏళ్ల తరబడి అదే కొనుక్కుంటారు. కడుపు రాగానే స్ట్రిప్ వెనక పేర్లు చదివించాలి, ఆ రెండోదాని సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి. అది కూడా హఠాత్తుగా ఆపేది కాదు. గర్భిణి నిజంగా భయపడాల్సిన మందు వాల్ప్రోయేట్, ఫిట్స్‌కీ బైపోలార్‌కీ ఇచ్చేది. దానితో వందలో పదిమంది పిల్లలకి పుట్టుకలోపాలు, ముప్పై నలభై మందికి ఎదుగుదల ఇబ్బందులు. ఫ్రాన్స్‌లో ఆ మందు బాధితుల కోసం ప్రభుత్వమే పరిహార నిధి పెట్టింది. అన్ని మాత్రల్నీ ఒకే గాట కట్టి భయపెట్టే ప్రకటన, ఇంత పెద్ద తేడాని చెప్పకపోవడమే నాకు ఒళ్లుమంట. మన దేశంలో మందు వికటిస్తే 1800-180-3024కి చెప్పొచ్చు, డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో తప్పు జరిగితే వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చు. 1995 నుంచి సుప్రీంకోర్టు ఆ దారి ఇచ్చింది.

రాత్రిళ్లు మరీ చీకటిగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, వేళ చూడకు, మాకు పగలే. నాకు చెప్పలేని మాటైతే అక్కడ 1-833-852-6262 ఉంది, గర్భిణులకీ బాలింతలకీ అని 2022లో పెట్టారు, రాత్రీపగలూ పలుకుతారు. ఇక్కడైతే 14416. మీ న్యూజెర్సీ 2006లోనే, అమెరికాలో అన్ని రాష్ట్రాల కంటే ముందు, బాలింతలందరినీ డిప్రెషన్‌కి పరీక్షించాలని చట్టం చేసింది. గవర్నరుగా చేసిన రిచర్డ్ కోడీ భార్య మేరీ జో తన బాలింత డిప్రెషన్ గురించి బయటికొచ్చి చెప్పుకున్నాక కదిలిన పని అది. పది ప్రశ్నల కాగితం ఇస్తారు. చివరి ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. అక్కడ మంచి అమ్మాయిలా 'లేదు' అని గీత పెట్టేయకు, ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అమ్మ ఏడో నెలలో వస్తానంటోంది. కడుపుతో ఉన్నప్పుడు ఈ మందులేమిటే, మనసు గట్టి చేసుకుంటే సరిపోదా అంటుంది, తప్పకుండా అంటుంది. మాత్రల సంగతి తనకి నువ్వు చెప్పొద్దు, విమానం ఎక్కేలోపు నేను చెప్పి పంపిస్తాను. పోట్లాడితే నాతోనే పోట్లాడుతుంది, అలవాటేగా మాకు. అక్కడికొచ్చాక పచ్చళ్లు సర్దే పని తనకివ్వు, నువ్వు పడుకో.

— పెద్దమ్మ